విలీనం తర్వాత మన ఉద్యోగం ఎవరి లెక్కలో ఉంటుంది?

ఈసారి ఎయిర్‌లైన్స్‌లో పనిచేసేవాళ్ల నుంచే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. అందరి టెన్షనూ ఒకటే: కంపెనీలు కలిసిపోతున్నాయి, మా సంగతేంటి అని. ఒక్కొక్కరు చేసే పని ఒక్కో రకం కాబట్టి అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు. విడివిడిగానే రాస్తున్నాను. మనుషుల పేర్లు, వాళ్ల కంపెనీల పేర్లు తీసేశాం.

ప్రశ్న: నేను ఆరేళ్లుగా క్యాబిన్ క్రూలో ఉన్నాను. మా ఎయిర్‌లైన్‌ని మాకంటే పెద్ద ఎయిర్‌లైన్‌లో కలిపేస్తున్నారు. టౌన్‌హాల్ మీటింగ్‌లో "ఎవరి ఉద్యోగమూ పోదు" అని చెప్పారు. కానీ అవతలి కంపెనీలో మా తర్వాత చేరినవాళ్లు కూడా మాకు సీనియర్లు అయిపోతారని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. పైవాళ్ల మాట నమ్మొచ్చా?

జవాబు: ఆ మాట అబద్ధం కాకపోవచ్చమ్మా. మన దేశంలో ప్రతి 50 సీట్లకు కనీసం ఒక క్రూ మెంబర్ ఉండాలని రూలు. విమానాల సంఖ్య తగ్గనంతకాలం మిమ్మల్ని పంపించేసి వాళ్లు మిగుల్చుకునేది ఏమీ ఉండదు, పైగా కొత్తవాళ్లను తెచ్చుకుంటే మళ్లీ మొదటి నుంచి ట్రైనింగ్ ఇవ్వాలి. అందుకే విలీనం రోజున విమానంలో పనిచేసేవాళ్ల ఉద్యోగాలు దాదాపు అన్నిచోట్లా నిలబడతాయి. అయితే ఆ మాట ఆ ఒక్క రోజుకే సరిపోతుంది. మీరు అడగాల్సింది ఇంకోటి ఉంది: రెండు కంపెనీల సీనియారిటీ జాబితాలు కలిపాక నా పేరు ఎన్నో వరసలో ఉంటుంది?

బయటివాళ్లకు సీనియారిటీ అంటే పరువు కోసం పడే గొడవలా కనిపిస్తుంది. మీకు తెలుసు, పండక్కి లీవు దొరకాలన్నా, ఇష్టమైన బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) రావాలన్నా, ప్రమోషన్ అన్నా, చివరికి మనుషుల్ని తగ్గించాల్సి వస్తే ముందు ఎవరు వెళ్లాలన్నా అన్నీ దాంతోనే ముడిపడి ఉంటాయి. మన కార్మిక చట్టం ప్రకారం కూడా ఒకే రకం పని చేసే కార్మికుల్లో చివర చేరినవాళ్లను ముందు తీసేయాలి, అలా చేయకపోతే కారణం రాసిపెట్టాలి. కాబట్టి చేరిన తేదీ ఎక్కడి నుంచి లెక్కపెడతారన్నది మామూలు విషయం కాదు.

అమెరికాలో జరిగింది చూడండి. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు టీడబ్ల్యూఏ అనే పాత కంపెనీని కొన్నారు. టీడబ్ల్యూఏ ఫ్లయిట్ అటెండెంట్లలో 30 ఏళ్లు పైబడి సర్వీసు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. జాబితాలు కలిపేటప్పుడు వాళ్లందరినీ తెచ్చి అమెరికన్ జాబితా అడుగున పెట్టారు, అంటే నిన్నగాక మొన్న అమెరికన్‌లో చేరిన అమ్మాయి కూడా వాళ్లకు సీనియరే. మామూలు రోజుల్లో అయితే ఎలాగో సర్దుకునేవాళ్లేమో. అదే ఏడాది సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి, ప్రయాణికులు తగ్గిపోయారు, కంపెనీ కోతలు మొదలుపెట్టింది. కోత కింద నుంచే కదా మొదలయ్యేది! 2003 మధ్యకల్లా టీడబ్ల్యూఏ నుంచి వచ్చిన ఫ్లయిట్ అటెండెంట్లంతా ఇంట్లో కూర్చున్నారు. విలీనం రోజున వాళ్లలో ఎవరి ఉద్యోగమూ పోలేదు, నిజమే. కానీ జాబితాలో వాళ్లకిచ్చిన చోటే రెండేళ్ల తర్వాత వాళ్లను బయటికి పంపింది.

ఆ అన్యాయం చూశాకే 2007లో అక్కడ మెకాస్కిల్ - బాండ్ అనే చట్టం వచ్చింది. ఎయిర్‌లైన్స్ కలిస్తే సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలి, మాట కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలి అన్నది దాని సారాంశం. మన దగ్గర విమాన ఉద్యోగుల సీనియారిటీ కోసం అలాంటి ప్రత్యేక చట్టం ఏదీ లేదు. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. అవి ప్రభుత్వ కంపెనీలు కాబట్టి ఉద్యోగాలకు ఢోకా లేదనే అందరూ అనుకున్నారు. కానీ జీతాలు, హోదాలు కలపడం ఏళ్ల తరబడి నానింది. జీతాల్లో తేడా మీద పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 2011లో సమ్మె చేశారు. 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్ల వంతు వచ్చింది. కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల మీద పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ట్రైనింగ్ ఎలా ఇస్తారని వాళ్లు మొదలుపెట్టిన సమ్మె 58 రోజులు సాగింది. ఈ చిక్కులు విప్పడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది, అదీ కంపెనీలు కలిసిన నాలుగేళ్లకు. ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతిని వెనక్కి నెట్టేసి, రెండు వైపులా మనుషుల్ని ఒకరి మీదికి ఒకర్ని ఎగదోశారని నాకు ఇప్పటికీ కోపం.

ఇక మీరు చేయాల్సిన పని. మన దేశంలో ఇలాంటి విలీనాలు సాధారణంగా నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆమోదంతోనే జరుగుతాయి. అక్కడ కంపెనీలు దాఖలు చేసే స్కీమ్‌లో, అంటే విలీన ప్రణాళికలో, ఉద్యోగుల గురించి మామూలుగా ఒక పేరా ఉంటుంది. అది సంపాదించి చదవండి. ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వులు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. ఉద్యోగులంతా సర్వీసులో బ్రేక్ లేకుండా కొత్త కంపెనీకి మారతారనీ, షరతులు ఇప్పటికంటే తక్కువగా ఉండవనీ, గ్రాట్యుటీ, పీఎఫ్‌లకు పాత సర్వీసు కూడా లెక్కలోకి వస్తుందనీ సాధారణంగా రాస్తారు. అందులో "మొత్తం మీద చూస్తే తక్కువ కాకుండా" అనే అర్థం వచ్చే మాట ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. ఆ మాట ఉంటే ఒక అలవెన్సు తీసేసి ఇంకోటి పెట్టినా, లేఓవర్‌లో (డ్యూటీ మధ్య వేరే ఊళ్లో బసలో) సింగిల్ రూమ్ బదులు షేరింగ్ ఇచ్చినా, మొత్తం మీద తగ్గలేదు కదా అని వాదించడానికి వాళ్లకు దారి ఉంటుంది.

పాత సర్వీసు గ్రాట్యుటీకి లెక్కపెట్టడం వేరు, సీనియారిటీకి లెక్కపెట్టడం వేరు. మొదటిది స్కీమ్‌లో దాదాపుగా ఉంటుంది, రెండోది చాలాసార్లు ఉండదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి: సీనియారిటీకి నా చేరిన తేదీ ఏదవుతుంది, నా బేస్ మారుతుందా, ఇప్పుడున్న గ్రేడ్ కొత్త కంపెనీలో దేనికి సమానం? ఈ మూడూ చాలు. ఒక్కరే అడగడానికి జంకుగా ఉంటే పదిమంది కలిసి ఒకే మెయిల్ రాయండి. కొత్త కాంట్రాక్ట్ చేతికిచ్చి సాయంత్రంలోగా సంతకం పెట్టమంటే, చదువుకోవడానికి టైమ్ కావాలని కూడా మెయిల్‌లోనే అడగండి.

ప్రశ్న: నేను హెడ్ ఆఫీసు ఫైనాన్స్ విభాగంలో ఉన్నాను. విలీనం అయితే రెండు ఫైనాన్స్ విభాగాలు అక్కర్లేదని అందరికీ తెలుసు. ఎవరికి ఏ పోస్టు అని తేల్చడానికి ఫిట్‌మెంట్ పేరుతో ఇంటర్వ్యూలు చేశారు, నాకు ఇంకా పోస్టు చెప్పలేదు. మా మేనేజర్ మాత్రం "మర్యాదగా రాజీనామా ఇస్తే రికార్డు బాగుంటుంది, వారంలో చెప్పు" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక మాట. రాజీనామా రాయకండి. వారంలో కాదు, నెలలో కూడా వద్దు. మీరంతట మీరు రాజీనామా చేస్తే అది మీ నిర్ణయం కింద నమోదవుతుంది. అప్పుడు పరిహారం అడిగే దారులన్నీ మీ చేత్తో మీరే మూసుకున్నట్టు.

మీ భయం నిజమేనని ఒప్పుకుంటున్నాను, దాచడం దేనికి. ఎయిర్‌లైన్ విలీనంలో దెబ్బ ముందు తగిలేది ఆఫీసుల్లోనే. ఫైనాన్స్, హెచ్‌ఆర్, ఐటీ, సేల్స్, నెట్‌వర్క్ ప్లానింగ్ అన్నీ రెండేసి ఉంటాయి, ఖర్చు తగ్గుతుందని బోర్డుకు చూపించే లెక్కలో పెద్ద భాగం అక్కడి నుంచే వస్తుంది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసింది, దానికి ముందు జూలైలోనే స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు ప్రకటించారు. అవి వచ్చింది పైలట్లకో క్రూకో కాదు, నేల మీద పనిచేసే శాశ్వత ఉద్యోగులకే.

అలాంటి పథకం మీ కంపెనీ కూడా ప్రకటిస్తే అది రాజీనామా కంటే చాలా నయం, కానీ తొందరపడి ఒప్పుకోవద్దు. లెక్క కాగితం మీద వేయండి. చట్టం ప్రకారం కార్మికుడిని కంపెనీ తీసేస్తే ఒక నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి ఇచ్చే నిధి) కింద ఇంకో 15 రోజుల వేతనం కూడా ఉంది. గ్రాట్యుటీ, లీవుల డబ్బు వీటికి అదనం, అవి ఎలాగూ మీవే. కంపెనీ తన పథకంలో గ్రాట్యుటీని కూడా కలిపేసి పెద్ద అంకె చూపిస్తుంటే దాన్ని విడదీసి చూడండి, మిగిలింది ఎంతో అప్పుడు తెలుస్తుంది. పథకానికి ఒప్పుకుని వెళ్లిపోతే చట్టం దృష్టిలో అది తొలగింపు కాదు కాబట్టి తర్వాత ఆ పరిహారం అడగడం కుదరదు.

మీరు చట్టం చెప్పే కార్మికుల కిందికి వస్తారా రారా అన్నది ఇంకో ప్రశ్న. మేనేజర్ స్థాయి పని చేసేవాళ్లు రారు, సూపర్వైజర్లయితే జీతం 18,000 దాటితే రారు. అయితే కోర్టులు చూసేది విజిటింగ్ కార్డు మీద ఉన్న హోదాని కాదు, రోజూ చేసే పనిని. సీనియర్ ఎగ్జిక్యూటివ్ అని పేరుండి, కింద ఒక్క మనిషి కూడా లేకుండా పొద్దస్తమానం బిల్లులు సరిచూసే వాళ్లెంతమంది! మీ పరిస్థితి అలాంటిదైతే లేబర్ విషయాలు చూసే లాయర్‌ని ఒకసారి కలవండి, ఆ ఫీజు దండగ కాదు. కార్మికుల కిందికి రారని తేలితే మీకు ఆధారం అపాయింట్‌మెంట్ లెటరే, అందులో నోటీసు గురించి ఏం రాశారో ఈ రాత్రే చూసుకోండి. ప్రభుత్వం అనుమతి లేకుండా ఇంతమందిని తీయలేరని కొందరు ధైర్యం చెబుతుంటారు. ఆ ముందస్తు అనుమతి రూలు ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు. ఎయిర్‌లైన్ ఆఫీసుకి వర్తించదు.

మీకు పోస్టు దొరికినా ఊపిరి పీల్చుకుని కూర్చోవద్దని నా సలహా. అసలు కోతలు చాలాసార్లు తర్వాతే వస్తాయి. టాటాలు 2022 జనవరిలో ఎయిర్ ఇండియా తీసుకున్నప్పుడు ఏడాది వరకు ఎవర్నీ తీయకూడదన్నది షరతు, రెండో ఏడాదిలో తీయాల్సి వస్తే స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్‌ఎస్) అవకాశం ఇవ్వాలి. హామీలకు గడువు ఉంటుందని దీన్నిబట్టి అర్థం చేసుకోండి. స్పెయిన్‌కి చెందిన ఐబీరియా 2011లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌తో కలిస్తే, 4,500 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది 2012 చివర్లో. యూనియన్లు గట్టిగా నిలబడి, సమ్మెలు చేసి, మధ్యవర్తి దాకా వెళ్తే ఆ సంఖ్య 3,141కి దిగింది. అమెరికాలో డెల్టా, నార్త్‌వెస్ట్ 2008లో కలిసినప్పుడు హబ్‌లు (కంపెనీకి ప్రధాన కేంద్రాలైన ఎయిర్‌పోర్టులు) మూయం అన్నారు, మెంఫిస్ హబ్ 2013లో మూసేశారు. కాబట్టి ఈ ఏడాది రెండేళ్లలో పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా నేర్చుకోండి, అవతలి కంపెనీ ఏ సిస్టమ్ వాడుతోందో ముందు కనుక్కోండి. రెండు విభాగాలు కలిసేటప్పుడు నిలిచే సిస్టమ్ తెలిసినవాళ్లను వదులుకోవడం వాళ్లకూ కష్టం.

ఇంకోటి, మీ మేనేజర్ నోటితో చెప్పింది అలాగే వదిలేయకండి. "మీరు ఫలానా రోజు రాజీనామా గురించి చెప్పారు, నాకు ఆ ఉద్దేశం లేదు, నా పోస్టు గురించి తెలియజేయగలరు" అని మర్యాదగానే ఒక మెయిల్ పెట్టండి. అంతకుమించి ఒక్క ముక్క అక్కర్లేదు.

ప్రశ్న: కోపైలట్‌ని. విలీనం పేరుతో కొత్త జీతాల కాంట్రాక్ట్ ఇచ్చారు, గ్యారంటీ గంటలు తగ్గించారు. ఇంకో ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోవడమే మంచిదా?

జవాబు: గ్యారంటీ గంటలు తగ్గించడమంటే ఎగిరినా ఎగరకపోయినా చేతికొచ్చే జీతం తగ్గించడమే. విస్తారాలో 2024లో ఇదే జరిగింది. 70 గంటల గ్యారంటీ 40 గంటలకు దించుతున్నారని పైలట్లు మండిపడ్డారు, చాలామంది సిక్ లీవులు పెట్టారు, ఏప్రిల్‌లో కంపెనీ రోజుకి పాతిక, ముప్ఫై ఫ్లయిట్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. కాబట్టి మీ బాధ మీ ఒక్కరిది కాదు. కానీ అదే ఏడాది మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ ఒకేసారి సిక్ లీవు పెడితే పాతిక మంది దాకా తీసేశారు, లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కుదిరాకే వెనక్కి తీసుకున్నారు. అనారోగ్యం లేకుండా సిక్ లీవు పెట్టడం మీ లైసెన్సుకి, మీ రికార్డుకి మంచిది కాదు. గొడవ పడాలనుకుంటే యూనియన్ ద్వారా, లేబర్ కమిషనర్ ద్వారా పడండి.

వెళ్లిపోవడం గురించి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన రూలు ప్రకారం కోపైలట్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి (కెప్టెన్‌కి) ఏడాది నోటీసు. అంటే ఈ రోజు కాగితం ఇచ్చినా ఆరు నెలలు ఇక్కడే. ట్రైనింగ్ బాండ్ (ట్రైనింగ్ ఇచ్చినందుకు ఇంతకాలం పనిచేస్తానని రాసిచ్చిన ఒప్పందం) మిగిలి ఉంటే దాని లెక్క వేరు. అవతల చేరాక మళ్లీ జాబితా అడుగునే మొదలు, కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా ప్రమోషన్) కోసం మళ్లీ అందరి వెనకా నిలబడాలి. మీకు కమాండ్ ఏడాదిలోనో రెండేళ్లలోనో వచ్చేలా ఉంటే నేనైతే ఆగమంటాను. వరసలో ఇంకా చాలా వెనక ఉండి, మీకు నడిపే అర్హత (టైప్ రేటింగ్) ఉన్న రకం విమానాలనే కొత్త కంపెనీ వదిలించుకుంటోందని తెలిస్తే మాత్రం ఇప్పుడే చూసుకోండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కలిసిన కంపెనీ నెత్తిన ఎంత అప్పు ఉందని. డెక్కన్‌ని కలుపుకున్న కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, ఉద్యోగులకు నెలల జీతాలు రాలేదు. 2007లో సహారాని కొన్న జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. కంపెనీయే లేకపోతే సీనియారిటీ జాబితా ఎవరికి చూపించుకుంటాం? జీతం ఒకటో తారీఖున పడేది పదో తారీఖుకి జరిగిందంటే, పీఎఫ్ డబ్బు పాస్‌బుక్‌లో రెండు నెలలు కనిపించలేదంటే, ఇక ఎవరి హామీ కోసమూ చూడకండి. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లోనే కనిపిస్తుంది, నెలకోసారి తెరిచి చూసే అలవాటు పైలట్లతో సహా అందరికీ ఉండాలి.

ప్రశ్న: ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్లో పనిచేస్తాను, యూనిఫాం ఎయిర్‌లైన్‌ది, జీతం ఏజెన్సీది. విలీనంలో నన్ను కూడా కొత్త కంపెనీలోకి తీసుకుంటారా?

జవాబు: తీసుకోవాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. ఈ మాట చెప్పడానికి బాధగానే ఉంది. స్కీమ్‌లో రాసే రక్షణలన్నీ ఆ ఎయిర్‌లైన్ జీతాల పుస్తకంలో ఉన్నవాళ్లకే. మీ యజమాని ఏజెన్సీ. రెండు ఎయిర్‌లైన్స్‌కి ఒకే ఎయిర్‌పోర్టులో రెండు గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీలు ఉంటే ఒకదాని కాంట్రాక్ట్ పోతుంది, ఎప్పుడు పోతుందన్నది ఆ కాంట్రాక్ట్ గడువు మీద ఆధారపడి ఉంటుంది. ఆ గడువు ఎప్పుడో మీ సూపర్వైజర్‌ని అడిగి తెలుసుకోండి. కాంట్రాక్ట్ గెలిచే ఏజెన్సీకి కూడా పాసులున్న, పని తెలిసిన మనుషులు కావాలి, వాళ్లకు ముందుగానే బయోడేటా ఇచ్చి ఉంచండి. మారేటప్పుడు పీఎఫ్ డబ్బు తీసేసుకోకుండా అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, మధ్యలో తీసేస్తే ఆ ఏళ్లు పోతాయి. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్ట్ మీద ఉంటే కొత్త కోడ్ ప్రకారం ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ వస్తుంది. ఏజెన్సీ దానంతట అది చెప్పదు, అడిగి తీసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయికి విలీనం కాబోతున్న ఒక ఎయిర్‌లైన్‌లో ఆఫర్ వచ్చింది. విలీనం అయ్యాక చేరమందామా, ఇప్పుడే పంపమంటారా?

జవాబు: పని విమానంలో అయితే ఇప్పుడే చేరమనండి. పాత సర్వీసు లెక్కలోకి వస్తే ఆ కొన్ని నెలలే రేపు తనకంటే వెనక ఎంతమంది ఉంటారో తేలుస్తాయి. ఆఫీసు ఉద్యోగమైతే పోస్టు విలీనం తర్వాత కూడా ఉంటుందా, ప్రొబేషన్ గడువు మళ్లీ మొదలవుతుందా అని ముందు మెయిల్‌లో అడిగించండి, జవాబు వచ్చాకే ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వమనండి.